పరగడుపున వ్యాయామం: కళ్లు తిరుగుతుంటే తిని చేయాలా, అలవాటయ్యేదాకా ఓర్చుకోవాలా?

బెజవాడ ఇల్లాలు:
నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండు నెలలుగా ఐదున్నరకి లేచి, పాలవాడు వచ్చేలోపు హాల్లో చాప పరుచుకుని ఫోన్లో వీడియో చూస్తూ అరగంట చేస్తున్నాను. జంపింగ్ జాక్స్, స్క్వాట్లు, చివర్లో పన్నెండు సూర్యనమస్కారాలు. పావుగంట దాటితే ఒంట్లో సత్తువ ఉండట్లేదు. మొన్న మంగళవారం వంగి పైకి లేచేసరికి కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాను. రాత్రి ఏడున్నరకి రెండు పుల్కాలు, అంతే, మళ్లీ ఏమీ తినను. మా తోడికోడలు ఏదో ఒకటి తిని చెయ్యమంటోంది. వీడియోలో చెప్పే అతనేమో తింటే కొవ్వు కరగదు, పదిహేను రోజులు ఓర్చుకుంటే అలవాటవుతుంది అంటున్నాడు. రెండు నెలలైనా నాకు అలవాటు కాలేదు. ఎవరి మాట వినాలి?

ఓరుగల్లు రన్నర్:
అక్కా, నేను ఆరేండ్ల సంది పరగడుపునే ఉరుకుతున్న, ఒక్కనాడు కండ్లు తిరగలే. రాత్రి తిన్నది లివర్ల దాచిపెట్టి ఉంటది, తెల్లారేసరికి మొత్తం అయిపోదు. మా నాయిన చీకటితోనే పొలం పోయి, ఎండ ఎక్కినంక ఇంటికొచ్చి తింటుండె. తిని ఎగిరితే కడుపుల తిప్పుతది. పరగడుపు మానకు, వేగం తగ్గించు.

గుంటూరు ఫిజియో:
అన్నా, మీ నాన్నగారు రాత్రి రెండు పుల్కాలతో పడుకుని ఉండరు కదా. లివర్‌లో నిల్వ మొత్తం అయిపోదన్నది నిజమే, కానీ తెల్లారేసరికి బాగా తగ్గుతుంది. రాత్రి తక్కువ తిన్నవాళ్లకి మరీను.

ఇక కొవ్వు సంగతి. పరగడుపున చేస్తే ఆ కాసేపట్లో కొవ్వు కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, కాదనను. అయితే 2014లో అమెరికాలో 20 మంది యువతులను రెండు జట్లు చేసి, నాలుగు వారాలు ఒక జట్టు చేత తిని, ఇంకో జట్టు చేత తినకుండా వ్యాయామం చేయించారు. కొవ్వు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిన్న పరిశోధనే. అయినా ఫ్రిజ్ పట్టుకుని నిలబడేంత బాధ దేనికి పడాలి? సగం అరటిపండో, నాలుగు ఖర్జూరాలో తిని ఇరవై నిమిషాలాగి మొదలుపెడితే కడుపులో తిప్పదు.

అమ్మా, వంగి లేచినప్పుడు అన్నారు, అది ముఖ్యం. గెంతి గెంతి ఒక్కసారిగా ఆగిపోతే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. పిక్కలు పిండుతుంటేనే అది పైకి వస్తుంది. కాబట్టి ఆపగానే రెండు మూడు నిమిషాలు అక్కడక్కడే నడవండి, ఆ తర్వాతే నమస్కారాలు, అవి కూడా నెమ్మదిగా. ఊపిరి బిగబట్టకండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

రోహిణికార్తె:
అమ్మాయ్, ఫ్యాను వేసుకుంటున్నావా? మా వీధిలో చెమట పడితేనే కరిగినట్టని కిటికీలు మూసి, ఫ్యాను ఆపి చేస్తున్నారు. చెమటలో పోయేది నీళ్లు, ఉప్పు. ఎండాకాలం మన ఊళ్లో తెల్లవారుజామునే ఉక్క. నేను లేవగానే ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఒక గ్లాసు తాగి మరీ మొదలుపెడతాను.

ఓరుగల్లు రన్నర్:
ఫిజియో సారూ, ఆపినంక నడుసుడు నేను రోజూ చేస్తా, అక్కకు చెప్పుడు మరిచిన. అది నా తప్పే. కని తినుడు మీద నా మాట మారదు.

పీహెచ్‌సీ నర్సు:
మీరిద్దరూ తిండి దగ్గరే ఆగిపోయారు. సత్తువ ఉండట్లేదని ఆవిడ మొదటే చెప్పింది. ఈ వయసు ఆడమనిషి ఆ మాట అంటే నేను ముందు కింది రెప్ప లాగి చూస్తాను, లోపల ఎర్రగా ఉందా, పాలిపోయి ఉందా అని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం తక్కువైతే తిని చేసినా కళ్లు తిరుగుతాయి, తినకుండా చేసినా తిరుగుతాయి. అమ్మా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? నెలసరి ఎక్కువ అవుతోందా? హిమోగ్లోబిన్ చూపించుకోండి, ఆడవాళ్లకి 12 ఉండాలి.

చదివే మిగతావాళ్లకి కూడా ఒక మాట. వ్యాయామం మధ్యలో స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గుండె అదిరిపోతున్నా అక్కడితో ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా పరగడుపున మొదలుపెట్టొద్దు. షుగర్ 70 కిందికి పడితే ప్రమాదం.

బెజవాడ ఇల్లాలు:
వారం తర్వాత రాస్తున్నాను. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. నెలసరి ఎక్కువవుతోందని ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, డాక్టరుగారు అడిగితే చెప్పాను. ఐరన్ మాత్రలు, స్కానింగు రాశారు. మాత్ర వేసుకున్నాక గంట దాకా టీ వద్దన్నారు. నేను రోజూ పొద్దున టీతోనే ఇంకేవో మాత్రలు వేసుకునేదాన్ని, ఇప్పుడు టీ వెనక్కి జరిపాను. ప్రస్తుతానికి గెంతడం ఆపేసి సాయంత్రాలు నడుస్తున్నాను. సిస్టరుగారూ, మా పాపకి పదమూడేళ్లు, సర్కారు బడి. అదీ ఎప్పుడూ నీరసమంటుంది. దానికీ చూపించాలా?

పీహెచ్‌సీ నర్సు:
తప్పకుండా చూపించండి. బడిలో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు, వేసుకుంటోందా అని అడగండి. కోప్పడకుండా అడగండమ్మా, చాలామంది పిల్లలు టీచరు ముందు నోట్లో పెట్టుకుని బయటికెళ్లి ఉమ్మేస్తారు. వికారంగా ఉంటోందని ఉమ్మేస్తుంటే, అన్నం తిన్నాక వేసుకోమనండి.