మిషన్ ట్రిప్‌లో పల్లె ఆస్పత్రికి సోలార్: మనమే పోయి బిగించాలా, డబ్బు పంపితే చాలదా?

సీతాఫల్‌మండి యూత్:
అందరికీ వందనాలు. సంక్రాంతి సెలవులకి మా చర్చి సంఘం యూత్ 14 మందిమి ఎనిమిది రోజుల కోసం ఏటూరునాగారం దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న మిషన్ ఆస్పత్రికి వెళ్తున్నాం. 6 పడకలు, ఒక కాన్పు గది, ఒక నర్సు, వారానికి 2 రోజులు వచ్చే డాక్టరు. అక్కడ 3 కిలోవాట్ల సోలార్ బిగించాలని ప్లాన్. చందాలు 6 లక్షలు పోగయ్యాయి. సామానుకి 4 లక్షల 20 వేలు, మిగతా 1 లక్షా 80 వేలు బస్సుకీ తిండికీ బసకీ. మొన్న కమిటీలో ఒక పెద్దాయన లేచి, "ఆ లక్షా ఎనభై కూడా ఆస్పత్రికే ఇచ్చి, వరంగల్‌లో ఎవరికైనా పని అప్పజెప్పండి. మీరు పోయేదెందుకు?" అన్నారు. సగం మంది ఆయన వైపే. నాలుగు నెలలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేశాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బయటివాళ్ళు ఏమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను.

గచ్చిబౌలి ఇంజనీర్:
తమ్ముడూ, వెనక్కి తగ్గొద్దు. కరెంటు సరిగా లేని, లేదా అసలే లేని ఆస్పత్రుల మీద ఆధారపడి బతికేవాళ్ళు లోకంలో దగ్గర దగ్గర 100 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇది చిన్న పని కాదు. 3 కిలోవాట్లంటే మన ఎండకి రోజుకి సగటున 12 యూనిట్లు. బ్యాటరీ మాత్రం లిథియమే తీసుకోండి. 51 వోల్టుల 100 ఏహెచ్ ఒక్కటి చాలు, 5 యూనిట్లు పడుతుంది, 4 యూనిట్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. నీళ్ళు పోసే బాధ లేదు. పాముకాటు మందు కూడా ఫ్రిజ్‌లో భద్రంగా ఉంటుంది. రెండేళ్ళ క్రితం మా టీమ్‌తో ఒక హాస్టల్‌కి ఇలాగే బిగించాం, ఇప్పటికీ నడుస్తోంది.

రిటైర్డ్ లైన్‌మన్:
తమ్ముడూ, నేను కరెంటు పనిల 31 ఏండ్లు చేసిన. ఒక్కటే అడుగుత. మీ బస్సు హైదరాబాద్‌కు తిరిగొచ్చినంక ఆ బ్యాటరీని చూసేదెవలు? లిథియంల బీఎంఎస్ అని బ్యాటరీని కాపాడే ఒక బోర్డు ఉంటది. అది పోతే ఆ అడవిల డబ్బా మూత తీసేటోడు లేడు. ట్యూబులర్, అదే నీళ్ళు పోసే లెడ్ బ్యాటరీ అయితే ములుగుల దొరుకుతది, చెడిపోతే పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోవచ్చు. సెల్లు సెల్లుకు ఆసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటర్ పెట్టి చూస్తే ఏ సెల్లు పోయిందో పదో తరగతి పిల్లగాడు చెప్తడు.

గచ్చిబౌలి ఇంజనీర్:
సార్, గౌరవంతోనే చెప్తున్నా, మీ లెక్క పాతది. 150 ఏహెచ్ ట్యూబులర్లు నాలుగు పెడితే పేరుకి 7.2 యూనిట్లు. సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 3.6. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ 350 వాట్లు, రాత్రి 8 గంటలు నడిస్తే అదే 2.8. ఇక లైట్లకేం మిగులుతుంది? పైగా ఆ ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు. 25 దాటాక ప్రతి 10 డిగ్రీలకీ లెడ్ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని మీకు నేను చెప్పాలా?

రిటైర్డ్ లైన్‌మన్:
వేడి సంగతి నాకు తెల్వదా? ఉత్తరం దిక్కు గదిల, కిందా మీదా గాలి ఆడేటట్టు చెక్క స్టాండు మీద పెడితే 5 ఏండ్లు నడిపిచ్చిన బ్యాటరీలున్నయి. నేను అడిగింది ఆయుష్షు కాదు. చూసేదెవలని అడిగిన.

కోఠి ఎలక్ట్రికల్స్:
బ్యాటరీ ఏదైనా సరే, ఎర్తింగు మరవకండి. ప్యానెల్ ఫ్రేముకి ఒకటి, ఇన్వర్టర్‌కి ఒకటి, పిడుగు కడ్డీకి వేరేగా ఒకటి. ట్రూప్ బజార్లో రాగి పట్టీ తీసుకుని వెళ్ళండి, అక్కడ దొరకదు.

మౌలాలి నుంచి:
3 కిలోవాట్లంటే 540 వాట్ల ప్యానెళ్ళు ఆరు. ఆరు ప్యానెళ్ళకి 14 మందా?

సీతాఫల్‌మండి యూత్:
అన్నా, 14 మందీ ప్యానెళ్ళకి కాదు. బిగించేది నలుగురు. మిగతావాళ్ళు గోడలకి సున్నం, పిల్లలకి వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి), సాయంత్రం కూడిక.

మౌలాలి నుంచి:
సున్నం వేసే మనుషులు ఆ ఊళ్ళో లేరా?

తార్నాక పాఠకురాలు:
ఒక్క మాట. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ ఎనిమిది రోజుల కోసం రాలేదు. 1907లో వచ్చి, ఈ నేల మీదే ప్రాణం విడిచారు. ఆ ఆస్పత్రి ఇక్కడి నర్సాగౌడ్ గారి విరాళంతో లేచింది. మిషన్ అన్న మాటకి అప్పుడు ఉండిపోవడం అని అర్థం. మనం ఆ మాటని ట్రిప్ పక్కన ఎప్పుడు చేర్చామో ఆలోచించండి.

గచ్చిబౌలి ఇంజనీర్:
మేడమ్, అందరూ జీవితాంతం ఉండలేరు. ఉద్యోగాలున్నాయి, ఇంటి లోన్లున్నాయి. ఎనిమిది రోజులు ఇచ్చేవాణ్ణి తప్పుపడితే, వచ్చే ఏడాది అతను ఆ ఎనిమిదీ ఇవ్వడు. అసలు ఈ థ్రెడ్‌లో జరుగుతున్నదేంటంటే, పని చేస్తామన్నవాళ్ళని కూర్చోబెట్టడం. లైన్‌మన్ సార్‌కి లిథియం తెలియదు, అందుకే వద్దంటున్నారు.

రిటైర్డ్ లైన్‌మన్:
తెల్వదా? సరే. 4 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు 100 ఏహెచ్ బ్యాటరీ పెట్టి, బోరు మోటరు ఆన్ చేసి సూడు. స్టార్టింగుల అది గుంజే కరెంటుకు నీ బీఎంఎస్ ట్రిప్పయితది, కాన్పు గది చీకటైతది. పనిముట్లను ఆవిరితోటి శుద్ధి చేసే ఆటోక్లేవ్ 2 కిలోవాట్లు. అది బ్యాటరీ మీద పెట్టొద్దని ఎవలన్న చెప్పిండ్రా మీకు? బోరుకు, ఆటోక్లేవ్‌కు వేరే లైను తియ్యాలె. సోలార్ లైను పాయింట్లకు రంగు మార్చాలె, వాటిల ఇంకేది పెట్టొద్దని తెలుగుల రాయాలె. ఇవన్ని అక్కడ ఉండేటోళ్ళకు తెల్సుండాలె. ఎనిమిది రోజులల్ల వచ్చేటియి కావు.

గచ్చిబౌలి ఇంజనీర్:
కరెంటువాళ్ళ గురించి ఇప్పటిదాకా నోరు మెదపలేదు. ఇక అనాల్సిందే. 2009 జులై, మానుకోట దగ్గర ఊళ్ళో మా అక్క కాన్పు. గాలివానకి కరెంటు పోయింది. లైన్‌మన్‌కి మా నాన్న ఎన్నిసార్లు ఫోన్ చేశాడో లెక్కలేదు. మర్నాడు సాయంత్రం వచ్చాడు. సెల్‌ఫోన్ లైటులో కాన్పు చేశారు. బిడ్డ ఏడవలేదు. బిడ్డ గొంతులో అడ్డం లాగేసే సక్షన్ మిషను పక్కనే ఉంది, దానికి కరెంటు లేదు. ఆడపిల్ల. ఇవాళ ఉంటే ఇంటర్ చదువుతుండేది. అందుకే వెళ్తాను సార్. మీరు చూసేదెవరు, చూసేదెవరు అని అడుగుతుంటే నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది. ఆ రాత్రి చూడాల్సినవాడు ఎవరు?

ఉప్పల్ రింగురోడ్డు:
అయ్యో. ఇద్దరూ కాస్త నిదానించండి.

రిటైర్డ్ లైన్‌మన్:
రాత్రంత చదువుకుంట కూసున్న. నీ అక్క బిడ్డ సంగతికి జవాబు నా దగ్గర లేదు. ఆ లైన్‌మన్ ఎవలో నాకు తెల్వదు. 11 కేవీ లైను మీద చెట్టు పడ్డప్పుడు ఎల్‌సీ, అంటే లైను బంద్ చేసినమన్న మాట, రాందే స్తంభం ఎక్కద్దు. ఎక్కి పోయినోళ్ళు నాతోటి పని చేసినోళ్ళే ఇద్దరున్నరు. అయినా నీ బిడ్డ పోయింది, అది నిజం.

ఇప్పుడు నా సంగతి చెప్త, ఇన్నొద్దులు ఎవలికి చెప్పలె. 2016ల మా సంఘం నుంచి ఇట్లనే పోయినం, అదే దిక్కు, వేరే ఊరు. 18 మందిమి. బ్యాటరీలు నా చేతులతోటి పెట్టిన. ప్రార్థన చేసి, రిబ్బను కట్ చేసి, పాలరాయి మీద సంఘం పేరు చెక్కిచ్చి వచ్చినం. ఆరు నెలలకు అక్కడి నర్సమ్మ ఫోన్ చేసింది, లైట్లు మసకగ వెలుగుతున్నయని. నీళ్ళు తగ్గినయని చెప్పిన. మళ్ళ చేసింది, ఒక సెల్లు వేడెక్కుతున్నదని. నేను కమిటీని అడిగిన, బస్సు కిరాయి 900, నీళ్ళకు, ఒక బ్యాటరీకి ఇంత అని. ట్రిప్పుకు ఫండు ఉన్నది, రిపేరుకు పద్దు లేదన్నరు. మూడుసార్లు అడిగిన. మొదటిసారే నా జేబుల నుంచి పెట్టి పోవచ్చు, పోలె. సంఘం పని సంఘమే చెయ్యాలెనని పట్టుబట్టిన. 2019ల పోయి చూస్తే బ్యాటరీల మీద బియ్యం బస్తా పెట్టిండ్రు. పాలరాయి మాత్రం మంచిగ మెరుస్తున్నది.

లిథియం మీద నాకు పగ లేదు తమ్ముడూ.

గచ్చిబౌలి ఇంజనీర్:
సార్, నిన్న మాట తూలాను, క్షమించండి. కానీ ఒక్కటి ఒప్పుకోను. ట్రిప్ లేకుండా డబ్బు పంపమంటే ఈ 6 లక్షలు పుట్టేవే కావు. మా అబ్బాయి వెళ్తున్నాడని తల్లి ఇచ్చింది, మా టీమ్‌లీడ్ వెళ్తున్నాడని ఆఫీసువాళ్ళు ఇచ్చారు. వెళ్ళే మనిషిని చూసి ఇస్తారు, డిస్టిల్డ్ వాటర్‌కి ఎవరూ ఇవ్వరు. దీనికి సంతోషించడం లేదు, చందా పుస్తకం పట్టుకుని తిరిగినవాడిగా చెప్తున్నాను.

రిటైర్డ్ లైన్‌మన్:
గదే నా బాధ. ఇచ్చేటోళ్ళ మనసు పోయేటోళ్ళ మీద ఉన్నది, ఉండేటోళ్ళ మీద లేదు. దాన్ని మార్చకుంట మళ్ళ బస్సు ఎక్కుదమంటవు.

గచ్చిబౌలి ఇంజనీర్:
బస్సెక్కినవాళ్ళ మనసే ముందు మారుతుంది సార్. మీరు 2016లో వెళ్ళకపోతే ఇవాళ ఈ ప్రశ్న అడిగేవారా?

తార్నాక పాఠకురాలు:
ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ పీహెచ్‌సీలకి క్రెడా అనే అక్కడి సంస్థ సోలార్ పెట్టింది. ప్యానెళ్ళతో పాటు టెక్నీషియన్‌నీ, మరమ్మతు బాధ్యతనీ మొదట్నుంచే కలిపి పెట్టుకున్నారు. ఆ పద్దు మన సంఘాల పుస్తకాల్లో ఎందుకుండదు?

స్టాఫ్ నర్స్, ములుగు జిల్లా:
నమస్తే అండి. మీరు మాట్లాడుతున్న ఆస్పత్రిలో నేను పనిచేస్తాను. యూత్ తమ్ముడు లింకు పంపితే మొత్తం చదివాను. కొన్ని సంగతులు.

మాకు కరెంటు ఉంది. సాయంత్రమైతే వోల్టేజీ 150కి పడిపోతుంది, అందుకే ఫ్రిజ్ కంప్రెసర్ రెండుసార్లు కాలింది. జులై, ఆగస్టుల్లో చెట్లు పడితే రెండు మూడు రోజులు కరెంటు రాదు. ముసురు పట్టి ఎండ కూడా లేని రోజులవి. కాబట్టి 12 యూనిట్ల లెక్క ఎండ కాసే రోజులది, మాకు కష్టమొచ్చేది వానాకాలంలో. మా దగ్గరున్న పాముకాటు మందు పొడి రూపంలో ఉంటుంది, దానికి ఫ్రిజ్ అక్కర్లేదు. ఫ్రిజ్ కావాల్సింది కాన్పప్పుడు రక్తం ఆపే ఆక్సిటోసిన్‌కి, ధనుర్వాతం రాకుండా వేసే టీడీ టీకాకి, కుక్కకాటు టీకాకి. అవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆటోక్లేవ్ మేం గ్యాస్ మీదే పెడతాం. సక్షన్‌కి కాలితో తొక్కేది ఒకటి తెప్పించుకున్నాం, ఇంజనీర్ గారి మాట చదివాక దాన్ని బయటికి తీసి మళ్ళీ ఒకసారి తొక్కి చూశాను.

లైన్‌మన్ అన్నగారూ, 2016లో మీకు ఫోన్ చేసిన నర్సు నాకు సీనియర్. బ్యాటరీ నీళ్ళు 5 లీటర్ల డబ్బాలు తన జీతంతో కొనేది. ఏడాదికి పైగా కొన్నది. ఆ సంగతి మీ కమిటీకి తెలుసో లేదో.

నాకు లిథియమైనా ట్యూబులరైనా ఒకటే. ఆ గది తాళంచెవి నా దగ్గరుండాలి. ఎవర్నీ అడక్కుండా ఏడాదికి 15 వేలు ఖర్చుపెట్టే హక్కుండాలి. మా అటెండర్ పిల్లాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివాడు. బిగించేటప్పుడు చూస్తూ నిలబడటం కాదు, స్పానర్ వాడి చేతికివ్వండి. ఇన్నాళ్ళలో ఎవరూ నాకు ఫోన్ చేసి ఏం కావాలని అడగలేదు.

రిటైర్డ్ లైన్‌మన్:
తల్లీ, ఆమె సొంతంగ కొన్నదని నాకు తెల్వదు. నాకెప్పుడూ చెప్పలె. ఆమె ఇప్పుడు ఏడున్నది?

స్టాఫ్ నర్స్, ములుగు జిల్లా:
భద్రాచలంలో అన్నా. రిటైరయ్యింది. నంబరు మీకు విడిగా పంపుతాను.

సీతాఫల్‌మండి యూత్:
అక్కా, తప్పు మాదే. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీని మళ్ళీ కూర్చోమంటాను. 14 మంది కాదు, 6 మందిమి వెళ్తాం. మిగిలే డబ్బు మీ పేరా, డాక్టరుగారి పేరా బ్యాంకులో వేయమని అడుగుతాను. ఒప్పుకుంటారని చెప్పలేను, ఇద్దరు ముగ్గురు గట్టిగా కాదంటారు. మా యూత్‌లో ఆగిపోయే 8 మందికి ఏం చెప్పాలో ఇంకా తెలియడం లేదు.

గచ్చిబౌలి ఇంజనీర్:
ఆ 8 మందినీ ఆపడం తప్పని ఇప్పటికీ అంటాను. కానీ అకౌంట్ సంగతికి మొదటి 10 వేలు నేను వేస్తాను. మేడమ్, ముసురు రోజుల లెక్కకి బ్యాటరీ రెండింతలు కావాలి. మీ లోడ్లు ఒక్కొక్కటీ రాసి పంపండి, మళ్ళీ మొదట్నుంచి వేస్తాను.

రిటైర్డ్ లైన్‌మన్:
లెక్కకు ముందు ఒకటి చెప్పు తల్లీ. డాబా మీద నీడ ఏ దిక్కు నుంచి వస్తది?

స్టాఫ్ నర్స్, ములుగు జిల్లా:
పడమర చింతచెట్టు ఉందన్నా. మూడు దాటితే డాబా సగానికి నీడ. కొట్టనివ్వం, పేషెంట్లతో వచ్చినవాళ్ళు దానికిందే కూర్చుంటారు.

రిటైర్డ్ లైన్‌మన్:
కొట్టద్దు. ప్యానెళ్ళు తూర్పు పిట్టగోడకు జరుపుదం. డాబా కొలతలు టేపుతోటి కొలిచి పంపుమను ఆ ఐటీఐ పిల్లగాన్ని.