పూణే ఎఫ్‌టీఐఐలో (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా) సౌండ్ చదవాలంటే ఏడాది కోర్సా, మూడేళ్లదా? తెలిసినవారు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మా తమ్ముడు ఈ ఏడు బీఫార్మసీ పూర్తిచేశాడు, కానీ వాడి మనసంతా సౌండ్ రికార్డింగ్ మీదే. మా అవ్వ చెనక్కాయలు ఒలిచే చప్పుడు ఫోన్లో పట్టాలని ఎండాకాలంలో ఫ్యాన్ ఆపేసి, తలుపులన్నీ మూసి, చెమటలు కారుతున్నా గంటసేపు కదలకుండా కూర్చున్నాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే అవ్వ నా పక్కనే ఉన్నట్టు అనిపించింది.

నాయన ఒప్పుకోలేదు. "సినిమా చదువు చదివి ఎవరు బాగుపడినారు?" అన్నారు. 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఎఫ్‌టీఐఐలోనే సౌండ్ నేర్చుకున్నారని, 2024లో కాన్స్ సినిమా పండుగలో గ్రాండ్ ప్రి బహుమతి గెలిచిన పాయల్ కపాడియా కూడా అక్కడే చదివారని చెప్పాను. అదే ఏడు ఎఫ్‌టీఐఐ విద్యార్థి చిదానంద నాయక్‌కి కాన్స్‌లోనే విద్యార్థి చిత్రాల విభాగం లా సినెఫ్‌లో మొదటి బహుమతి వచ్చింది. ఆయన ఎంబీబీఎస్ చదివి వచ్చినవారు, పైగా ఏడాది టీవీ కోర్సులో ఉండగానే ఆ సినిమా తీశారు. ఇది విన్నాక నాయన కాస్త మెత్తబడ్డారు.

సౌండ్‌కి టీవీ విభాగంలో ఏడాది కోర్సు, సినిమా విభాగంలో మూడేళ్ల కోర్సు ఉన్నాయి. మూడేళ్లంటే మాకు ఖర్చు భారమే. ఏడాది కోర్సు చేసినవాళ్లకి హైదరాబాద్ స్టూడియోల్లో పని దొరుకుతుందా? పెద్ద బహుమతులు రానివాళ్లకి బయటికొచ్చాక మొదటి రెండేళ్లు ఎలా గడుస్తాయి? అక్కడ చదివిన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.