విదేశం నుంచి వాచీ తెప్పించుకుంటే నిజంగా కలిసొస్తుందా?

ప్రశ్న: బెంగళూరు కమర్షియల్ స్ట్రీట్‌లో నేను చూసిన జపాన్ వాచీ, ఒక విదేశీ వెబ్‌సైట్‌లో రవాణాతో కలిపి 50,000 రూపాయలకే కనిపిస్తోంది. తెప్పించుకోవచ్చా అండీ?

జవాబు: తొందరపడకండి. సరుకు ధరకు రవాణా, బీమా చేర్చిన మొత్తంపై కస్టమ్స్ సుంకం వేసి, ఆ సుంకంతో కూడిన మొత్తంపై మళ్లీ ఐజీఎస్టీ (దిగుమతి సరుకుపై వేసే జీఎస్టీ) లెక్కిస్తారు. సుంకం 20 శాతం అనుకుంటే 60,000 అవుతుంది, దానిపై 18 శాతం అంటే మరో 10,800. సర్‌ఛార్జీ ఉంటే అది వేరు. పన్ను తామే ముందుగా కట్టామంటూ కొరియర్ వాళ్లు నా దగ్గర ఇంకో రుసుము కూడా గుంజారు.

మరో జవాబు: స్విస్ వాచీల సంగతి వేరు. 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం ప్రకారం వాటిపై సుంకం విడతలవారీగా తగ్గుతుంది, అయితే అక్కడే తయారైనట్టు ధ్రువీకరణ ఉండాలి. ఐజీఎస్టీ మాత్రం తప్పదు.

అడిగినవారు: ఇక్కడి కొట్టులో 72,000 చెప్పి, వారంటీ కార్డుపై ముద్ర వేసి ఇస్తామన్నారు. శనివారం అక్కడికే వెళ్తానండీ.