లిపిడ్ ప్రొఫైల్ రిపోర్ట్‌లో ఎల్‌డీఎల్ దగ్గర నంబర్ వేయలేదు, ఎందుకు?

బెజవాడ_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. మా వారికి 39, కంపెనీ హెల్త్ చెకప్‌లో లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల టెస్ట్) చేశారు, రాత్రి ఎనిమిదింటికి తిని పొద్దున్న ఎనిమిదిన్నరకి బ్లడ్ ఇచ్చారు, మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. టోటల్ కొలెస్ట్రాల్ 238, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 432, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే అది) 34 అని వచ్చింది కానీ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) దగ్గర నంబర్ లేకుండా గీత పెట్టి వదిలేశారు. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువుంటే రాదు మేడం అని పెట్టేశారు. మనిషి సన్నగానే ఉంటారు, షుగర్ లేదు బీపీ లేదు, నాకేం కాలేదులే అంటున్నారు. కానీ మా మావయ్య గారికి 51 ఏళ్ళకే స్టెంట్ వేశారు, అందుకే నాకు మనసు కుదురుగా లేదు. వేరే ల్యాబ్‌లో మళ్ళీ చేయించాలా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

రాజమండ్రి_మాస్టారు:
కంగారు పడకమ్మా. ఎల్‌డీఎల్ మనమే లెక్కేసుకోవచ్చు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేయడమే. 238 లోంచి 34, 86 పోతే 118, అదేమంత ఎక్కువ కాదు. నూనె, నెయ్యి, గుడ్లు ఆపితే అన్నీ దిగుతాయి.

వరంగల్_ల్యాబ్‌టెక్:
మాస్టారూ, ఆ ఫార్ములా నిజమే, 1972 నుంచి ల్యాబులల్ల వాడుతున్న ఫ్రీడ్‌వాల్డ్ లెక్క అది, కానీ ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే వాడొద్దు సార్. అప్పుడు ఐదో వంతు అనే అంచనా తప్పుతది, ఎల్‌డీఎల్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తది. ఆ 118 చూసి ధైర్యంగ కూసుంటే కష్టం. గీత పెట్టిన్రంటే ఆ ల్యాబ్ సరిగ్గనే చేసింది. ఇసొంటి శాంపిల్ సెంట్రిఫ్యూజ్‌ల తిప్పి చూస్తే మీకే అర్థమైతది, పైన తేలే సీరం లేత పసుపుగ, తేటగ ఉండాల్సింది పాలు కలిపినట్టు మబ్బుగ ఉంటది.

అక్కా, మీరు చూడాల్సింది నాన్ హెచ్‌డీఎల్, అంటే మంచిది పోగా మిగిలిన కొలెస్ట్రాల్ అంత. టోటల్‌లకెళ్ళి హెచ్‌డీఎల్ తీసేస్తే చాలు, 204 వస్తది. ఇందుల అంచనా ఏం లేదు, తిని ఇచ్చినా పెద్దగ మారదు. మామూలుగ 130 లోపు ఉండాలంటరు, అంటే 204 వదిలేసే నంబర్ కాదు. టెస్ట్‌కి రెండు మూడు రోజుల ముందు బావగారు మందు, అంటే ఆల్కహాల్, ఏమన్న తీసుకున్నరా?

బెజవాడ_అమ్మాయి:
అవునండి, ఆ ముందు శని ఆదివారాలు ఫ్రెండ్ పెళ్ళి, అక్కడ తీసుకున్నారు, సోమవారం టెస్ట్. ఇంట్లో నూనె తక్కువే వాడతాను, కానీ అన్నం రెండు పూటలా గట్టిగా తింటారు, రోజుకి నాలుగైదు టీలు, అన్నీ చక్కెరతోనే.

ఒంగోలు_టు_లీడ్స్:
నేను ఇక్కడ యూకేలో జీపీని (ఫ్యామిలీ డాక్టర్‌ని) అమ్మా. ట్రైగ్లిజరైడ్స్ పెరగడానికి నూనె కన్నా మందు, చక్కెర, ఎక్కువ అన్నం పెద్ద కారణాలు, మిగిలిపోయిన పిండిపదార్థాన్ని లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అనేది మనవాళ్ళలో బాగా కనిపించే జోడీ, సన్నగా ఉన్నా పొట్ట ఉంటే చాలు, నడుము 90 సెంటీమీటర్లు దాటిందేమో కొలవండి.

ఒక రెండు మూడు వారాలు మందు పూర్తిగా ఆపి, మామూలు తిండి తింటూ మళ్ళీ ఫాస్టింగ్‌లో చేయించండి. మామూలు స్క్రీనింగ్‌కి ఫాస్టింగ్ అక్కర్లేదని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 గైడ్‌లైన్స్‌లో కూడా ఉంది, కానీ ట్రైగ్లిజరైడ్స్ ఇంత ఉన్నప్పుడు ఫాస్టింగ్‌లో చూస్తేనే మంచిది. దాంతోపాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), హెచ్‌బీఏ1సీ (షుగర్‌కి), క్రియాటినిన్ (కిడ్నీలకి) కూడా. థైరాయిడ్ తక్కువ పనిచేసినా, బయటపడని షుగర్ ఉన్నా లిపిడ్స్ ఇలాగే చెడతాయి. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే మాత్రం ఆగొద్దు, పాంక్రియాస్‌కి (క్లోమ గ్రంథికి) ప్రమాదం, వెంటనే డాక్టర్‌కి చూపించండి.

ఇంకోటి, తండ్రికి 55 లోపే గుండె జబ్బు వచ్చింది కాబట్టి లైపోప్రోటీన్ ఏ అని, ఎల్‌డీఎల్ లాంటి ఒక కొవ్వు కణానికి విడిగా ఒక టెస్ట్ ఉంది, అది చేయించండి. అది మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో రాదు, ఎక్కువగా వంశంతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు కాబట్టి చాలామందికి జీవితంలో ఒక్కసారి చేస్తే సరిపోతుంది. రిపోర్టులన్నీ తీసుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి, మావయ్య గారి స్టెంట్ సంగతి ముందే చెప్పండి, టాబ్లెట్ కావాలా వద్దా అనేది దాన్ని బట్టి కూడా ఉంటుంది.

మా దగ్గర రిపోర్టులు మిల్లీగ్రాముల్లో కాకుండా మిల్లీమోల్స్ అనే వేరే కొలతలో వస్తాయి, మీ 238 ఇక్కడ 6.2 అవుతుంది. ఫారిన్‌లో ఉన్న చుట్టాల నంబర్లతో పోల్చుకోకండి.

బెజవాడ_అమ్మాయి:
చాలా థాంక్స్ డాక్టర్ గారూ, వరంగల్ తమ్ముడికి కూడా. మా మరిదికి 33, ఇంతవరకు ఒక్కసారీ చేయించుకోలేదు. ఆ లైపోప్రోటీన్ టెస్ట్ వాడికి కూడా చేయించాలా, లేక ముందు మా వారిది చూశాకా?

ఒంగోలు_టు_లీడ్స్:
ఇద్దరికీ తండ్రి ఒకరే కదమ్మా, అన్నయ్య రిపోర్ట్ కోసం ఆగక్కర్లేదు. లిపిడ్ ప్రొఫైల్‌తో కలిపి ఒకేసారి ఇప్పించండి.