అప్‌డేట్: పండ్లు వేసినా వాఫిల్స్ మెత్తబడలేదు!

పండ్ల ముక్కలు వేయగానే వాఫిల్స్ మెత్తబడిపోతున్నాయి, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే చేశాను, చాలా బాగా వచ్చాయి! మైదా కొంచెం తగ్గించి ఆ మేరకు కార్న్‌ఫ్లోర్ వేశాను. తెల్లసొన విడిగా నురగ వచ్చేలా గిలక్కొట్టి, చివర్లో మెల్లగా కలిపాను. అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం ఆవిరి సలహానే. మేకర్ నుంచి ఆవిరి బాగా తగ్గేదాకా మూత తీయలేదు. తీశాక ఒకదానిమీద ఒకటి పేర్చకుండా వైర్ ర్యాక్ మీద పెట్టాను. అడుగున చెమ్మ పట్టలేదు, అంచు విరిస్తే కరుక్కుమంది! స్ట్రాబెర్రీలకు చక్కెర కలిపితే రసం ఊరుతుంది కాబట్టి వడకట్టి, తినేముందు ముక్కలు మాత్రమే వేశాను. ఆ రసం పిల్లలు గిన్నెలో పోసుకుని అద్దుకు తిన్నారు. అరటిపండుకైతే ఈ టెన్షనే లేదు. అందరికీ బోలెడు థాంక్స్. పాలకు బదులు మజ్జిగతో చేసేవాళ్లుంటే కొలతలు చెప్పండి.