వెనక ఎత్తు పెంచాక బండి కుదురు తప్పింది, ఎక్కడ చూడాలి?

పాలమూరు బగ్గీ:
అన్నలూ, రెండేళ్లుగా ఇంటి దగ్గరే పైపుల ఛాసిస్‌తో రెండు సీట్ల బండి కడుతున్నా. మారుతి 800 ముందు భాగం, అంటే 796 సీసీ ఇంజిన్, గేర్‌బాక్స్, స్ట్రట్‌లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాళ్లు) అన్నీ తీసి వెనక పెట్టి, స్టీరింగ్ రాక్ అక్కడ అక్కర్లేదు కాబట్టి టై రాడ్‌ల (స్టీరింగ్ రాక్ నుంచి చక్రాలను తిప్పే కడ్డీల) లోపలి కొసలు ఛాసిస్‌కే బిగించా. ఇద్దరం కూర్చుంటే వెనక బాగా దిగుతోందని స్ట్రట్‌కు మరలున్న స్లీవ్ వేయించి 30 ఎంఎం లేపా. అప్పటి నుంచి బాపు పొలం దగ్గరి మట్టి బాటలో నలభై దాటితే చాలు, వెనక భాగం అటూ ఇటూ జరుగుతోంది, గుంతలో పడితే దానంతట అదే పక్కకు లాగుతోంది. అలైన్‌మెంట్ షాపుకు ట్రాలీలో తీసుకెళ్తే చిన్న కార్లకు వెనక సెట్టింగే ఉండదని ముందు చక్రాలు చూసి పంపారు. చాలా టెన్షన్‌గా ఉంది.

దేవరకొండ జీప్:
తమ్ముడూ, ముందు నడపడం ఆపు. నీ బండిలో టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం) చెడితే వెనక చక్రాలే స్టీరింగ్ తిప్పినట్టు అవుతుంది. ఎత్తు మారితే టో మారుతుంది, అందుకే ఎత్తు ఖాయం చేశాకే అలైన్‌మెంట్ ముట్టాలి.

మిర్యాలగూడ లేత్:
షాపు అవసరం లేదు, దారం చాలు. గాలి సమానంగా పట్టి, మేస్త్రీల నీళ్ల పైపుతో నాలుగు చక్రాల కింద నేల లెవెల్ చూసుకో, తక్కువున్న చోట షాబాద్ బండ ముక్కలు పెట్టు. సీట్లలో మీ ఇద్దరి బరువుకు సరిపడా బియ్యం సంచులు వెయ్యి, ఖాళీ బండి కొలిచి లాభం లేదు. జాకీ దించాక చక్రం నేలను పట్టుకుని ఆగిపోతుంది, బండిని ముందుకీ వెనక్కీ తోసి, ఊపి, అప్పుడు కొలువు. రెండు పక్కలా హబ్ ఎత్తున దారం కట్టు, రెండు దారాల మధ్య దూరం ముందూ వెనకా ఒకటే ఉండాలి, బండి సరిగ్గా నడుమ ఉండాలి. ఇక రిమ్ము ముందు అంచు, వెనక అంచు దారానికి ఎంతెంత దూరమో చూడు. ముందు అంచు దూరంగా ఉంటే టో ఇన్, దగ్గరగా ఉంటే టో అవుట్. పన్నెండంగుళాల రిమ్ముకు ఒక డిగ్రీ అంటే 6 ఎంఎం లోపే, కాబట్టి ఒక్క ఎంఎం కూడా లెక్కలోకి వస్తుంది. వెనక ఒక్కో చక్రానికి 1 నుంచి 2 ఎంఎం టో ఇన్ పెట్టుకో. క్యాంబర్‌కు (చక్రం పైభాగం లోపలికో బయటికో ఎంత వాలిందో చూడటానికి) గుండు దారం వేలాడదీస్తే సరిపోతుంది.

వనపర్తి మెకానిక్:
ఒకటి మర్చిపోతారు అందరూ. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద ఛాసిస్‌కు కలిపే చెయ్యి) రబ్బరు బుష్ బోల్టులు బండి గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి స్ప్రింగులా పని చేస్తుంది, ఎత్తు తప్పు చూపిస్తుంది, తొందరగా చిరుగుతుంది కూడా. వదులు చేసి, బరువు చక్రాల మీదికి వచ్చాకే బిగించు.

పాలమూరు బగ్గీ:
కొలిచాను అన్నా. ఎడమ 4 ఎంఎం టో అవుట్, కుడి 1 ఎంఎం టో ఇన్. బుష్‌లు వదులు చేస్తే ఎడమ పక్క 8 ఎంఎం కిందికి దిగింది, నేను స్ప్రింగ్ బలం అనుకున్నదంతా రబ్బరే! ఎత్తు మళ్లీ సరిచేసి టో పెట్టా. తిన్నగా పోతోంది కానీ గుంతల్లో లాగడం పోలేదు.

మిర్యాలగూడ లేత్:
అది బంప్ స్టీర్, అంటే చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు టో దానంతట అదే మారడం. స్ప్రింగ్ తీసేసి, ఛాసిస్‌ను స్టాండ్ల మీద ఉంచి, చక్రాన్ని జాకీతో 20 ఎంఎం చొప్పున లేపుతూ టో రాసుకో. వెనక నుంచి చూసినప్పుడు టై రాడ్, లోయర్ ఆర్మ్ వేరే వేరే కోణాల్లో ఉంటే రెండూ వేరే వేరే వంపుల్లో తిరుగుతాయి, చక్రం మెలితిరుగుతుంది. పొడవు, కోణం రెంటినీ దగ్గరికి తేవాలి. లోపలి కొస బిగించే బ్రాకెట్‌కు మూడు నాలుగు రంధ్రాలు పెట్టి చూడు.

పాలమూరు బగ్గీ:
రెండు ఆదివారాలు పట్టింది. 60 ఎంఎం కదలికలో టో 7 ఎంఎం మారుతోంది! కొస 20 ఎంఎం కిందికి దించితే 1.5కి వచ్చింది. నిన్న సాయంత్రం అరవై వరకు పోయాను, చెయ్యి తేలిగ్గా ఉంది. బాపు కూడా ఎక్కి కూర్చున్నాడు.

దేవరకొండ జీప్:
సంతోషం తమ్ముడూ. లాక్ నట్ల మీద పెయింట్ గీత పెట్టు, ఆ బ్రాకెట్ వెల్డింగ్ వారానికోసారి చూస్తుండు.

వనపర్తి మెకానిక్:
స్లీవ్ మర పిచ్ ఎంత పెట్టించావు? నా దగ్గర కూడా ఒక పాత 800 ముందు సెట్ ఉంది.

పాలమూరు బగ్గీ:
2 ఎంఎం పిచ్ అన్నా. రింగు ఒక చుట్టుకు 2 ఎంఎం, స్ట్రట్ కాబట్టి చక్రం దగ్గరా దాదాపు అంతే. ఫోటోలు రేపు పెడతా.