ఫేజుల వారీగా లోడ్ లెక్క డ్రాయింగ్‌లోనే సరిచూసుకోవడం ఎలా?

నమస్కారం. విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో నేను స్కీమాటిక్ (వైరింగ్ కనెక్షన్లు చూపే) డ్రాయింగులు గీస్తుంటాను. ఇటీవల 415 వోల్టుల త్రీఫేజ్ ప్యానెల్ ఒకటి గీసినప్పుడు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన లోడ్ రిపోర్టులో మూడు ఫేజులూ సమానంగా కనిపించాయి గాని, ప్యానెల్‌ను నడిపి క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే ఆర్ ఫేజులో 80, వై ఫేజులో 52, బీ ఫేజులో 41 ఆంపియర్లు వచ్చాయి. పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్-ఆంపియర్లలో నిజంగా పనికొచ్చే వాట్ల నిష్పత్తి) అన్నిటికీ ఒకటే అనుకున్నా న్యూట్రల్‌లో (తిరుగు వైరులో) దాదాపు 35 ఆంపియర్లు పారాలి. మీటరూ ఇంచుమించు అంతే చూపింది.

హీటర్లు, లైటింగ్, ఏసీల వంటి సింగిల్ ఫేజ్ లోడ్లను ఏ ఫేజుకు కలిపానో వైరు నంబర్లలో రాశాను గాని, సాఫ్ట్‌వేర్ వాటిని పట్టించుకోకుండా మొత్తం కిలోవాట్లను మూడుతో భాగించేసిందని నా అనుమానం. (వైరు నంబరు మనుషులకే గాని దానికి అర్థం కాదేమో!) ప్రతి సింబల్‌కూ ఫేజు, వాట్లు, పవర్ ఫ్యాక్టర్ విడిగా ఇచ్చి, ఫేజుల వారీ మొత్తాలు రాబట్టే పద్ధతి ఎవరైనా వాడుతున్నారా? అలాగే 10 ఆంపియర్ల 24 వోల్టుల డీసీ సప్లై మీద రిలేలు, సోలెనాయిడ్ వాల్వులు అన్నీ ఒకేసారి ఆన్ అయితే సరిపోతుందో లేదో డ్రాయింగ్ దశలోనే ఎలా తేల్చుకుంటారో దయచేసి తెలియజేయగలరు.